పైథాన్‌ని పుట్టించినాయనకి జీతం మైక్రోసాఫ్ట్ ఇస్తే, పైథాన్ ఎవరిది?

ప్రశ్న: నమస్తే అండి. నాకు 33 ఏళ్లు. కూకట్‌పల్లిలో తొమ్మిదిమంది పనిచేసే ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. మా పనంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. ఈమధ్య టీమ్‌లోకి వచ్చిన కుర్రాడొకడు రోజూ ఒకటే పాట. "పైథాన్ తయారుచేసిన గీడో వాన్ రోసమ్‌ని మైక్రోసాఫ్ట్ ఉద్యోగంలో పెట్టుకుంది. అంటే పైథాన్ వాళ్ల జేబులోకి వెళ్లినట్టే. ఇప్పుడే గో భాషకి మారిపోదాం" అంటాడు. మా బాస్ కూడా సగం నమ్మేశారు. దీనికి తోడు నాదొక సొంత గోల. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే చిన్న లైబ్రరీ ఒకటి ఆరేళ్ల కిందట రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశాను. రాజమండ్రిలో ఒక లెక్చరర్ గారు, తెనాలిలో ఒక డీటీపీ ఆపరేటర్ అందులో తప్పులు పట్టి సరిచేస్తుంటారు. ఇప్పుడు బెంగళూరు కంపెనీ ఒకటి "మా దగ్గర చేరండి, ఆ లైబ్రరీ పనే చేయండి" అంటోంది. జీతం ఇప్పటిదానికి దాదాపు రెట్టింపు. నాకు ఇంటి లోను ఉంది, మా ఆవిడ చేరిపొమ్మంటోంది. లెక్చరర్ గారికి చెబితే "అయితే ఇంక అది మనది కాదన్నమాట" అని ఫోన్ పెట్టేశారు. అప్పట్నుంచీ నిద్ర లేదు. మా కుర్రాడు చెప్పేదే నిజమైతే, నేను చేయబోయేదీ అదే కదా? ఏం చేయమంటారు? (పేరు రాయొద్దండి.)

సమాధానం: మీ కుర్రాడు చెప్పిన రోగం కంటే రాసిచ్చిన మందు చూసి నాకు నవ్వొచ్చింది. మైక్రోసాఫ్ట్ జేబులోంచి తప్పించుకోవడానికి గోకి వెళ్దామంటున్నాడా! గో పుట్టిందే గూగుల్ ఆఫీసులో. రాబర్ట్ గ్రీస్మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ ముగ్గురూ 2007లో గూగుల్ ఉద్యోగులుగా ఉంటూనే దాన్ని మొదలుపెట్టి, 2009లో బయటపెట్టారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అని మాత్రం అనను. గో మంచి భాషే, నేనూ వాడతాను. కానీ కంపెనీ నీడ పడకూడదనుకున్నవాడు వెళ్లాల్సిన చోటైతే అది కాదు.

అయినా ఆ అబ్బాయి అడుగుతున్నది పిచ్చి ప్రశ్న కాదు. ఉప్పు తిన్నాక నోరు లేవదంటారు మనవాళ్లు. భాషని పుట్టించిన మనిషి ఒక కంపెనీ ఉప్పు తింటుంటే ఆ భాష ఎటు నడుస్తుందన్న అనుమానం రావడం సహజమే. దాన్ని తీర్చుకునే పద్ధతి దగ్గరే అతను పొరబడ్డాడు.

మనవాళ్లు ప్లాటు కొనేటప్పుడు అమ్మేవాడు ఎవరి దగ్గర పనిచేస్తున్నాడని అడగరు. లింకు డాక్యుమెంట్లు చూపించమంటారు, ఈసీ తీయిస్తారు. భాషకీ ఈసీ ఉంటుంది. పైథాన్‌ది మీ మెషీన్‌లోనే ఉంది. టెర్మినల్‌లో పైథాన్ తెరిచి, లైసెన్స్ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టి, పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టి ఎంటర్ నొక్కండి. కొన్ని లైనక్స్‌లలో ఒక లింకు మాత్రమే చూపిస్తుంది, అప్పుడు అది తెరవండి. మామూలుగా అయితే ఒక తెర నిండా అక్షరాలొచ్చి, ఇంకా కావాలంటే ఎంటర్ కొట్టమని అడుగుతుంది. అందులో మొట్టమొదటి భాగమే ఈ సాఫ్ట్‌వేర్ చరిత్ర. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లింది, ఏ వెర్షన్ ఎవరిది అని వరసగా ఒక పట్టిక కూడా ఉంటుంది. అచ్చం ఈసీలాగే.

చదివితే తెలుస్తుంది, గీడోకి మైక్రోసాఫ్ట్ మొదటి యజమాని కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో ఉండగా 1989 క్రిస్మస్ సెలవుల్లో పైథాన్ పని మొదలుపెట్టారు. 1995లో అమెరికా వెళ్లి, వర్జీనియాలోని రెస్టన్‌లో సీఎన్‌ఆర్‌ఐ అనే సంస్థలో చేరారు. 2000 మే నెలలో టీమ్ మొత్తాన్ని వెంటబెట్టుకుని బీఓపెన్‌కి వెళ్లారు. అక్కడ ఐదు నెలలు కూడా నిలవలేదు, అక్టోబరుకల్లా డిజిటల్ క్రియేషన్స్‌కి మారారు. ఆ పట్టికలో లేనివి నేను చెబుతాను. తర్వాత ఎలిమెంటల్ సెక్యూరిటీ, 2005 చివర్లో గూగుల్, 2013 జనవరిలో డ్రాప్‌బాక్స్. 2019లో రిటైరయ్యారు. ఇంట్లో ఖాళీగా ఉండలేక 2020 నవంబరులో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. లెక్క పెడితే ఎనిమిదో జీతం.

ఈ ఎనిమిదింటిలో పైథాన్‌కి నిజంగా ఇబ్బంది తెచ్చింది పెద్ద కంపెనీలేవీ కావు. 2000లో జరిగిన ఆ హడావుడి మార్పులు. ఒక్క ఏడాదిలో మూడు గూళ్లు మారేసరికి, ఏ వెర్షన్ మీద ఎవరికి ఏం హక్కుందో చిక్కుముడి పడిపోయింది. సీఎన్‌ఆర్‌ఐ తన లైసెన్స్‌లో వర్జీనియా రాష్ట్ర చట్టం వర్తిస్తుందని ఒక ముక్క పెట్టింది. కోడుని మార్చి పంచితే అదే షరతులతో పంచాలనే జీపీఎల్ లైసెన్స్ వాళ్లకి అది మింగుడుపడలేదు. ఆ పట్టిక కిందే 1.6.1 వెర్షన్ గురించి ఒక ఫుట్‌నోట్ ఉంటుంది, తప్పకుండా చదవండి. జీపీఎల్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కలో ఇది జీపీఎల్‌కి పొసగదట. సీఎన్‌ఆర్‌ఐ లెక్కలో మాత్రం, పొసగకపోవడమేమీ లేదని స్టాల్‌మన్ లాయరే తమ లాయరుతో అన్నాడట! ఇద్దరు లాయర్ల తగువు అలా ఒక భాష లైసెన్స్ ఫైల్లో శిలాశాసనంలా నిలిచిపోయింది.

ఆ తలనొప్పి తర్వాతే 2001లో పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టారు. లాభాపేక్ష లేని సంస్థ. పైథాన్ హక్కులు ఎవరి ఉద్యోగంతోనూ ముడిపడకుండా ఒకచోట ఉండాలన్నదే దాన్ని పెట్టిన ఉద్దేశం. పైథాన్ అన్న పేరు, లోగో కూడా దానివే. పేరేముందిలే అనుకోకండి. 2013లో బ్రిటన్‌లో ఒక హోస్టింగ్ కంపెనీ యూరప్‌లో పైథాన్ పేరు తనకే ట్రేడ్‌మార్కుగా కావాలని దరఖాస్తు పెడితే, ఫౌండేషన్ ఎదురు నిలబడి దాన్ని వెనక్కి తీయించింది. అప్పట్లో గీడో డ్రాప్‌బాక్స్ ఉద్యోగి. పేరుని కాపాడాల్సిన అవసరం ఆయనకీ పడలేదు, ఆయన కంపెనీకీ పడలేదు.

అయితే ఈసీ క్లియర్‌గా ఉన్నంత మాత్రాన ఇంట్లో ఎవరి మాట చెల్లుతోందో తెలియదు కదా. ఇక్కడే మీ కుర్రాడు చూడని విషయం ఒకటుంది. చాలాకాలం పైథాన్‌లో ఆఖరి మాట గీడోదే. జీవితాంతం ఉండే దయగల నియంత అని సరదాగా ఆయనకో బిరుదు కూడా ఉండేది. గూగుల్ జీతమిచ్చిన ఏడేళ్లూ, డ్రాప్‌బాక్స్ ఇచ్చిన మొదటి ఐదేళ్లూ ఆ అధికారం ఆయన చేతిలోనే ఉంది. 2018 జులైలో వదిలేశారు. వాల్రస్ అని పిలిచే చిన్న గుర్తు ఒకటి, పెప్ 572 (భాషలో మార్పు కోరే ప్రతిపాదనని పెప్ అంటారు), దాని మీద నెలల తరబడి గొడవ నడిచింది. ఒక ప్రతిపాదన కోసం ఇంత పోరాడి, చివరికి ఇంతమందికి తన నిర్ణయం నచ్చలేదని తెలుసుకోవడం ఇక తన వల్ల కాదని రాసి తప్పుకున్నారు. ఇప్పుడు నిర్ణయాలు, పైథాన్ కోడు మార్చే అధికారమున్న కోర్ డెవలపర్లు ఓటేసి ఎన్నుకునే ఐదుగురి కౌన్సిల్‌వి. ఆ కౌన్సిల్‌లో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి ఉండకూడదని నియమం. ఒక కంపెనీ పెత్తనం చేస్తున్నట్టు పైకి కనిపించినా నమ్మకం పోతుందని కారణం కూడా అందులోనే రాసుకున్నారు.

అంటే మైక్రోసాఫ్ట్ ఆయన్ని తీసుకునేనాటికి ఆయన దగ్గర తాళంచెవి లేదు. మీవాడు భయపడాల్సిన కాలం గూగుల్ కాలం. అతను అప్పుడు బహుశా హైస్కూల్లో ఉండి ఉంటాడు.

పోనీ తాళంచెవి ఉన్న ఆ రోజుల్లో గూగుల్ ఏం సాధించింది? 2009లో గూగుల్ ఇంజనీర్లు అన్‌లేడెన్ స్వాలో అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. పైథాన్‌ని ఐదు రెట్లు వేగంగా పరిగెత్తిస్తామన్నారు. తమ మార్పులు అసలు పైథాన్‌లో కలపమని పెప్ 3146 రాశారు. ఆఖరి మాట చెప్పాల్సినాయన పక్క సీట్లోనే ఉన్నట్టు లెక్క. అయినా కలవలేదు. అనుకున్నంత వేగం రాలేదు, గూగుల్ లోపలే దాని మీద ఆసక్తి సన్నగిల్లింది, ప్రతిపాదన వెనక్కి పోయింది. సృష్టికర్తకి జీతమిచ్చినంత మాత్రాన భాష చేత అవుననిపించలేమనడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మరి డబ్బు ప్రభావమే ఉండదా అంటే, ఉంటుంది. ఉండదని నేను చెబితే నమ్మకండి. కాకపోతే అది వచ్చే దారి వేరు. డ్రాప్‌బాక్స్ సంగతి చూడండి. వాళ్ల దగ్గర లక్షల లైన్ల పైథాన్ కోడు పోగుపడింది. ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం తిరిగిస్తుందో కోడు చదివితే తెలియని పరిస్థితి. మీ ఆఫీసులో ఉద్యోగం మానేసినవాడి కోడు తెరిచినప్పుడు ఉండే బాధే అది, కాస్త పెద్ద సైజులో. జుక్కా లెహ్తోసాలో అనే ఆయన పీహెచ్‌డీ చేస్తూ రాసుకున్న, ఇలాంటివి సరిచూసే మైపై అనే సాధనాన్ని అక్కడ పట్టుకున్నారు. గీడో కూడా అందులో మునిగిపోయారు. ఆయన సహరచయితగా పెప్ 484 వచ్చింది, 2015లో 3.5 వెర్షన్‌తో, ఏ విలువ ఏ రకమో కోడులోనే రాసుకునే టైప్ హింట్లు భాషలోకి వచ్చేశాయి. 2019 నాటికి డ్రాప్‌బాక్స్ 40 లక్షల లైన్లని ఆ పద్ధతిలో సరిచూస్తున్నామని ప్రకటించింది.

ఫలానా ఫీచర్ పెట్టు, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది అని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తే ఎదురయ్యే సమస్యలే మన బుర్రలో తిరుగుతాయి. పెద్ద కంపెనీలో కూర్చున్న మనిషికి పెద్ద కంపెనీ తలనొప్పులే కనిపిస్తాయి. ఊళ్లో ఇరవై కంప్యూటర్ల ల్యాబులో మొదటిసారి పైథాన్ నేర్పే మాస్టారి తలనొప్పి ఆయనకి ఎదురుకాదు. అందుకే టైప్ హింట్లు వచ్చాయి, వేగం పని వచ్చింది. 2023లో పైథాన్‌లో ఒకసారికి ఒక్క త్రెడ్‌నే నడవనిచ్చే ఆ పెద్ద తాళం, జీఐఎల్, తీసేసే పని కూడా అలాగే కదిలింది. మెటాలో పనిచేసే ఇంజనీర్ ప్రతిపాదించాడు, మెటా మూడు ఇంజనీర్-సంవత్సరాల పని ఇస్తానని మాటిచ్చింది, కౌన్సిల్ ఒప్పుకుంది. ఇవి చెడ్డ మార్పులని కాదు. టైప్ హింట్లు లేకుండా ఇప్పుడు నాకే రాయబుద్ధి కాదు. పైగా వాటిని తప్పనిసరి చేసే ఉద్దేశం ఎప్పటికీ లేదని పెప్ 484లోనే రాసి పెట్టారు. నేననేదల్లా, జీతం అవును, కాదు అన్న జవాబుల్ని కొనలేకపోయినా, ముందు ఏ ప్రశ్న చేతికి తీసుకోవాలన్నది మాత్రం కొంటుంది.

మీ కుర్రాడికి మైక్రోసాఫ్ట్ మీదే గురి ఉంటే, గీడో జీతం వదిలేసి వేరే చోట చూడమనండి. పైథాన్ కోడు 2017 నుంచీ, అందరూ కోడు దాచుకునే గిట్‌హబ్ సైటులో ఉంది. మరుసటి ఏడాదే గిట్‌హబ్‌ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. మీ టీమ్‌లో తొమ్మిదిమందిలో కోడు రాయడానికి ఎంతమంది వీఎస్ కోడ్ ఎడిటర్ వాడుతున్నారో అడగండి, అదీ మైక్రోసాఫ్ట్‌దే. అందులో పైథాన్ రాసేటప్పుడు గబగబా సలహాలిచ్చే పైలాన్స్ ఉంది చూశారూ, అది ఓపెన్ సోర్స్ కాదు, మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల్లో తప్ప వాడకూడదని దాని లైసెన్స్ చెబుతుంది. భాష ఫౌండేషన్‌దే, దాన్ని రాసే బల్ల, దాచే బీరువా కంపెనీవి. నాకు అడపాదడపా గుబులు పుట్టేది ఇక్కడే. గీడో పే స్లిప్పు చూసి కాదు.

ఇక కంపెనీ జీతంతో అసలు ప్రమాదం జీతమిస్తున్నప్పుడు కాదు, ఇవ్వడం ఆపేసిన రోజున వస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో గీడో, మార్క్ షానన్, మరికొందరు కలిసి పైథాన్‌ని వేగవంతం చేసే పని పెట్టుకున్నారు. నాలుగేళ్లలో ఐదు రెట్లు అన్నారు. (మళ్లీ అదే ఐదు రెట్లు! పైథాన్ వాళ్లకి ఈ అంకె మీద ఎందుకో మోజు.) 2022 అక్టోబరులో వచ్చిన 3.11 సగటున 25 శాతం వేగం పుంజుకుంది, అది చిన్న విషయం కాదు. కానీ 2025 మేలో మైక్రోసాఫ్ట్ వేలమందిని తీసేసినప్పుడు ఆ జాబితాలో ఈ టీమ్ వాళ్లు కూడా ఉన్నారు, ఆ ప్రణాళిక గీసిన షానన్‌తో సహా. ఐదు రెట్లు రానేలేదు. అయినా అక్టోబరులో 3.14 అనుకున్న నెలలోనే విడుదలైంది. టీమ్ పోయింది, భాష నిలబడింది.

రస్ట్ అనే ఇంకో భాషకీ ఇలాంటి రోజొచ్చింది. గ్రేడన్ హోర్ సొంత సరదాగా మొదలుపెట్టిన ఆ భాషని ఆయన పనిచేసే మొజిల్లా 2009లో చేరదీసింది. 2020 ఆగస్టులో అదే మొజిల్లా 250 మందిని తీసేస్తే, రస్ట్ చుట్టూ పనిచేసేవాళ్లు కొందరు అందులో పోయారు. 2021 ఫిబ్రవరిలో రస్ట్ ఫౌండేషన్ వచ్చింది, అమెజాన్ క్లౌడ్ విభాగం, గూగుల్, హువావే, మైక్రోసాఫ్ట్, మొజిల్లా ఐదూ కలిసి వేసిన పునాది అది. పీహెచ్‌పీది ఇంకా చిత్రం. భాషలోని కష్టమైన పని చాలా భాగం నికిటా పోపోవ్ అనే ఒక్క కుర్రాడి భుజాల మీదుండేది, జీతం జెట్‌బ్రెయిన్స్ ఇచ్చేది. 2021లో అతను వేరే పని మీదికి వెళ్తున్నానన్నాడు. ప్రపంచంలో ఇన్ని వెబ్‌సైట్లు నడిపే భాష ఇంత సన్నటి తాడు మీద వేలాడుతోందా అని అప్పుడు మేల్కొని, ఆ నవంబరులోనే పీహెచ్‌పీ ఫౌండేషన్ పెట్టారు.

పేరు కంపెనీ చేతిలో ఉంటే ఏమవుతుందో నోడ్ దగ్గర చూశాం. అది భాష కాదు, జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపేది. రాయన్ డాల్ 2009లో రాశాడు, జోయెంట్ అనే కంపెనీ ఆయన్ని పనిలోకి తీసుకుంది, పేరు మీద హక్కూ తీసుకుంది. తర్వాత విడుదలలు నెమ్మదించాయి, కోడు రాసేవాళ్లు విసిగిపోయారు. 2014 డిసెంబరులో ఐఓ.జేఎస్ అని వేరు కుంపటి పెట్టారు. కోడు పట్టుకెళ్లగలిగారు గానీ పేరు పట్టుకెళ్లలేకపోయారు. 2015లో తటస్థ ఫౌండేషన్ వచ్చాక, ఆ సెప్టెంబరులో నోడ్ 4గా రెండూ మళ్లీ ఒకటయ్యాయి.

గో గురించి కూడా న్యాయంగా చెప్పాలి. 2023లో గో సాధనాల వాడకం వివరాలు సేకరించాలని, అది మామూలుగా ఆన్‌లోనే ఉండాలని గూగుల్ టీమ్ ప్రతిపాదించింది. జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాడేవాళ్లు కావాలని ఆన్ చేస్తే తప్ప పంపకూడదని మార్చుకున్నారు. విన్నారు, మంచిదే. వినకపోయి ఉంటే చెప్పుకోవడానికి వేరే పంచాయతీ లేదన్నదే తేడా.

కాబట్టి మీ బాస్‌తో చెప్పండి, పైథాన్ వదలక్కర్లేదు. మారడానికి వేరే సాంకేతిక కారణాలుంటే అది వేరే చర్చ. తొమ్మిదిమంది కంపెనీ ఈ భయంతో కోడంతా తిరగరాస్తే, ఆ రాసే ఏడాదిలో పైథాన్‌కి ఏమవుతుందో గానీ మీకు మాత్రం క్లయింట్లు మిగలరు.

ఇప్పుడు మీ సంగతి. మొత్తం ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది లెక్చరర్ గారు ఫోన్ పెట్టేయడం. ఆయన బాధ నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేనే అలాంటి బాధ పెట్టినవాణ్ణి. 2004లో చెన్నైలో ఒక కంపెనీలో చేరాను. అంతకుముందు నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి రాత్రుళ్లు రాసుకున్న చిన్న టూల్ ఒకటుండేది. ఆఫర్ లెటర్ పద్నాలుగు పేజీలు. జీతం ఉన్న పేజీ నాలుగుసార్లు చదివాను, మిగతావి తిప్పి సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను రాసేదేదైనా, ఆఫీసులోనైనా ఇంట్లోనైనా, కంపెనీదేనని పదకొండో పేజీలో ఉందట. ఏడాది తర్వాత మా టూల్‌కి కొత్త వెర్షన్ పెట్టబోతే పిలిచి ఆ పేజీ చూపించారు. పాత కోడు స్నేహితుల దగ్గరుంది, కొత్తది కంపెనీ దగ్గరుంది, నేను మధ్యలో ఉన్నాను. వాళ్లలో ఒకడు ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే బాగా మాట్లాడతాడు, ఆ టూల్ పేరు మాత్రం ఎత్తడు.

ఆ పదకొండో పేజీ లేకపోయినా చట్టం కంపెనీ వైపే కాస్త మొగ్గుతుంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు యజమానే. ఆ 'వేరే ఒప్పందం' అన్న మాటలోనే మీ బతుకుతెరువు, మీ నిద్ర రెండూ ఉన్నాయి. చేరకముందు అడిగితే అది ఒక చిన్న అనుబంధం పేజీ. చేరాక అడిగితే గొడవ.

ఒకటి ఆలోచించండి. మీ కోడు ఎంఐటీ లైసెన్స్‌లో ఉంది. ఆ కంపెనీ ఈరోజే డౌన్‌లోడ్ చేసుకుని, మీకు పైసా ఇవ్వకుండా, మీకు చెప్పకుండా కూడా వాడుకోవచ్చు. అయినా రెట్టింపు జీతం ఎందుకిస్తామంటున్నారు? కోడు వాళ్లకి ఇప్పటికే ఉచితం. వాళ్లు కొంటున్నది మీ పొద్దుని. గీడో దగ్గర గూగుల్, డ్రాప్‌బాక్స్, మైక్రోసాఫ్ట్ కొన్నదీ అదే. మీ ఉత్తరంలో నాకు కనిపించిన 'అమ్మేస్తున్నానేమో' అన్న భయం తగ్గాలంటే, పొద్దు అమ్మడం వేరు, పేరు అమ్మడం వేరు అని మీకు మీరు తేల్చుకోవాలి. మొదటిది ఉద్యోగం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంటి లోను ఉన్న మనిషి ఆరేళ్లు రాత్రుళ్లు ఊరికే పనిచేయడమే ఎక్కువ.

కాబట్టి నా సలహా, చేరండి. కానీ కంపెనీ హెచ్‌ఆర్‌కి ముందే మెయిల్ రాయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. లైబ్రరీ పేరు రాసి, ఇది నేను చేరకముందు నుంచీ ఉన్నది, ఇప్పటివరకూ ఉన్న కోడు మీద కంపెనీకి హక్కు లేదు, ఇకపై నేను దీనికి చేసే మార్పులు కూడా ఇదే ఎంఐటీ లైసెన్స్ కింద బయటికే వెళ్తాయి అని ఆ అనుబంధంలో పెట్టమనండి. ఈ చివరి ముక్క ముఖ్యం. ఎంఐటీ లైసెన్స్‌లో ఉన్న వెసులుబాటు వల్లే, రేపు మంచి మార్పులన్నీ కంపెనీ లోపలి కాపీలో పడిపోయి, బయటిది ఎండిపోవచ్చు. లైబ్రరీ బతికే ఉందని అందరూ అనుకుంటారు, మూడేళ్లుగా అందులో ఒక్క అక్షరం మారి ఉండదు. ఇంకోటి, లెక్చరర్ గారూ తెనాలి ఆయనా రాసిన భాగాలు వాళ్లవి. వాటిని రాసివ్వడం మీ చేతిలో లేదు. ఆ మాట కంపెనీకి చెప్పండి, మీకు బేరమాడే బలం పెరుగుతుంది కూడా.

వాళ్లు కుదరదంటే? అప్పుడు ఏం కొంటున్నారో వాళ్ల నోటితోనే చెప్పినట్టు. ఆ జీతానికి మారడమా మానడమా అన్నది మీ ఇంటి లెక్క, దాంట్లో నేను వేలు పెట్టను. మారితే మాత్రం లైబ్రరీని ఆ ఇద్దరికీ అప్పగించి, మీరు పక్కకి తప్పుకుని చేరండి. గొడవ ఉండదు.

కుదిరినా కుదరకపోయినా ఈ ఆదివారమే చేయాల్సిన పని ఒకటుంది. మీ లైబ్రరీ గిట్‌హబ్‌లో మీ సొంత ఖాతా కింద ఉందని నా అనుమానం. పైథాన్ లైబ్రరీలు అందరూ దించుకునే పైపీఐలోనూ మీరొక్కరే ఓనర్ అయి ఉంటారు. దాన్ని ఒక ఆర్గనైజేషన్ కిందికి మార్చండి. పైపీఐలో ఓనర్ అని, మెయింటైనర్ అని రెండు హోదాలుంటాయి. మెయింటైనర్ కొత్త వెర్షన్ పెట్టగలడు గానీ, ఇంకొకరిని చేర్చడం, తీసేయడం ఓనర్ చేతిలోనే ఉంటుంది. వాళ్లిద్దర్నీ ఓనర్లుగానే చేర్చండి. రేపు కంపెనీ మీ చేత ఏదైనా చేయించాలని చూసినా, లేదా మిమ్మల్నే తీసేసినా, పాస్‌వర్డ్ ఒక్క జీతం వెనక ఇరుక్కుపోదు. రీడ్‌మీ ఫైల్లో పైనే ఒక వాక్యం రాయండి, ఫలానా తేదీ నుంచి నాకు ఫలానా కంపెనీ జీతమిస్తోందని. దాచిపెట్టిన జీతం మీద వచ్చే అనుమానం చెప్పిన జీతం మీద రాదు.

లెక్చరర్ గారికి మెసేజ్ పెట్టకండి, ఫోనే చేయండి. సంజాయిషీతో మొదలుపెట్టకండి. పైపీఐలో మీ యూజర్‌నేమ్ ఏంటండీ అని అడగండి. ఎందుకని ఆయనే అడుగుతారు.